అరకాగితం సార్

మా సార్ పోయారు. మొన్న మధ్యాహ్నం ఎం.బి.ఏ. మొదటి ఏడాది పిల్లలకి పాఠం చెబుతుండగా మా పాత బ్యాచ్ గ్రూపులో కబురొచ్చింది. దాని కింద వరసగా దండం బొమ్మలు. ఆ దండాలు పెట్టినవాళ్లలో సగం మంది ఒకప్పుడు ఆయన మీద పెట్టిన ఫిర్యాదు కింద సంతకాలు చేసినవాళ్లే. ఆ ఫిర్యాదు రాసింది నేను. నేనూ ఒక దండం పెట్టి, ఫోను బల్ల మీద బోర్లించి, మిగతా పాఠం చెప్పేశాను.

టెక్కలి దగ్గర మేం ఎం.బి.ఏ. చదివిన కాలేజీలో ఆయన సబ్జెక్టుకి పరీక్ష లేదు. టైం టేబుల్లో స్టడీ స్కిల్స్ అని ఉండేది. డిగ్రీ పాసై వచ్చిన మనకి చదవడం నేర్పుతారట అని మొదటి రోజే నవ్వుకున్నాం. ఆయన ఒక పేజీ చదవమని చెప్పి, పది నిమిషాలు కాగానే పుస్తకాలన్నీ లాగేసుకునేవారు. తలా ఒక అరకాగితం చేతిలో పెట్టి, అర్థమైంది సొంత మాటల్లో రాయమనేవారు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో రాసినా ఊరుకునేవారు గానీ, పుస్తకంలో వాక్యం ఒక్కటి కనబడినా కాగితం చింపేసేవారు. పుస్తకం నిండా రంగుల గీతలు గీసుకున్న నా స్నేహితురాలితో, "రంగులేసినావు గానీ సదవలేదమ్మా" అన్నారు. ఆ పిల్ల ఆ రోజంతా ఏడ్చింది.

ఇంకో అలవాటుండేది. మేం ఏం రాసినా "నీకెలాగ తెలుసు?" అని అడిగేవారు. ఎవరో అన్నారంటే, "ఎవులన్నారు? ఎక్కడన్నారు? నువ్వు సూసినావా?" అని వెంటపడేవారు. జవాబు లేకపోతే ఆ వాక్యం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ఆ ప్రశ్నే రాసి, కింద స్కేలుతో నాలుగు ఖాళీ గీతలు గీసిచ్చేవారు. వాటి మీద జవాబు రాసి తిరిగి ఇవ్వాలి. ఇచ్చేదాకా ఎక్కడ కనబడినా అడిగేవారు.

క్యాంటీన్లో ఎప్పుడూ అరగ్లాసు టీయే తాగేవారు, అదీ గుక్కకీ గుక్కకీ మధ్య చాలాసేపు ఆగి. మే నెల ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కాయే. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం నుంచి కనబడేవారు కాదు. అరకాగితం, అరగ్లాసు, అరరోజు ఉద్యోగం అని మేం వెక్కిరించేవాళ్లం. ఆయన వెనక అరకాగితం సార్ అనేవాళ్లం. ఒకటి రెండుసార్లు ఆయనకి వినబడేలా కూడా అన్నాం.

రెండో ఏడాది ప్రాజెక్టు రిపోర్టుకి నేను పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల గురించి రాస్తానని పేరిచ్చాను. రాయలేదు. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో పాత రిపోర్టులు కట్టలుగా ఉండేవి. షాపువాడు పేరు మార్చి, ఊరు మార్చి ఇచ్చేవాడు. నాకిచ్చింది ఏ కేరళ పిల్లదో. సార్ నన్ను నిలబెట్టి గట్టిగా చదవమన్నారు. మూడో పేజీలో, కార్మికులు ఉదయాన్నే పడవల్లో ఫ్యాక్టరీకి చేరుకుంటారు అని ఉంది. నేను ఠక్కున ఆగాను.

"సదువు" అన్నారు. చదివాను.

"మీ అమ్మ పలాస పడవెక్కి ఎల్తాదేటి?"

క్లాసంతా గొల్లున నవ్వింది. మాకు కొబ్బరితోట ఉందని రెండేళ్లుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుందని ఎవరికీ చెప్పలేదు. ఆయనకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

"అమ్మ సేతులు ఏ రంగులో ఉంటాయో ఎప్పుడైనా సూసినావా? అది రాయి. పడవలెందుకు నీకు?"

ఇప్పుడు నా విద్యార్థులకి ఆ మాట చెబితే గొప్ప పాఠమే అంటారు. ఆ రోజు నాకు అది పాఠం కాదు. ఆయన నన్ను నలుగురిలో బట్టలిప్పి నిలబెట్టినట్టే అనిపించింది. అంత క్రూరంగా చెప్పాల్సిన పని లేదు. ఆయన పోయారు కదా అని ఈ మాట వెనక్కి తీసుకోను.

ఫిర్యాదు పెడదామని అందరూ అన్నారు. జిరాక్స్ షాపులో దానికీ నమూనా ఉందన్నారు. వద్దు, నేనే రాస్తానన్నాను. ఏ రోజు, ఏ క్లాసు, ఎవరెవరున్నారు, ఆయన అన్న మాట ఏమిటి, అన్నీ ముందు అరకాగితాల మీద విడివిడిగా రాసుకుని, వరస చూసుకుని, పొల్లు మాటలు కొట్టేసి రెండు పేజీలు రాశాను. నా చేత్తో నేను పూర్తిగా సొంతంగా రాసిన మొదటి రాత అదే. చివర్లో బరువు సరిపోలేదనిపించి ఇంకో వాక్యం కలిపాను. మంగళ, శుక్రవారాల్లో కాలేజీ ఎగ్గొట్టి పలాసలో ప్రైవేటు ట్యూషన్లు చెప్పుకుంటున్నారని. జిరాక్స్ షాపు దగ్గర ఎవరో అంటుంటే విన్నాను.

తిట్టినందుకు యాజమాన్యం ఏమీ అనలేదు. ట్యూషన్ల వాక్యం పట్టుకుని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది.

జవాబు చెప్పుకోమని ఫిర్యాదు నకలు ఆయనకి ఇచ్చారట. ఆఖరి రోజు అందరి అసైన్‌మెంట్లతో పాటు అదీ పట్టుకొచ్చి నా బెంచీ మీద పెట్టి వెళ్లిపోయారు. రెండు పేజీలూ దిద్ది ఉన్నాయి. పడవల సంగతి రాసిన పేరా పక్కన, ఇది నీ సొంత వాక్యం, బాగుంది అని ఉంది. పైన ఇరవైకి పదిహేడు. అంతకుముందు నాకు తొమ్మిది దాటి ఎప్పుడూ వేయలేదు. చివరి వాక్యం చుట్టూ ఎర్రసున్నా. నీకెలాగ తెలుసు? కింద నాలుగు గీతలు.

ఏడాది తర్వాత అమ్మకి కిడ్నీ పరీక్ష చేయించడానికి పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాను. డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద, తన వంతు కోసం కూర్చుని సార్ కనబడ్డారు. ఎడమ చెయ్యి మోచేతిదాకా మడిచి ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంది. ఒళ్లో పుస్తకం, కుడిచేతిలో పెన్ను, పుస్తకం మీద అరకాగితం. అది శుక్రవారం.

నేను కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానం పిల్లని. నీళ్లు కొలుచుకుని తాగేవాళ్లని, వేసవిలో కూడా చెయ్యి కప్పుకునేవాళ్లని మా వీధిలో చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. మా పెదనాన్న అలాగే పోయాడు. అరగ్లాసు టీ చూసి నవ్వడం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. ఆసుపత్రి కాగితం చూపిస్తే రోగిష్ఠివాడని తీసేస్తారు, చూపించకపోతే దొంగ అని తీసేస్తారు. ఆయన దొంగ అనిపించుకునే వెళ్లారు.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఆయనే చూశారు.

"ఎవులే ఈ బాబు?" అంది అమ్మ.

"మా సార్."

అమ్మ జీడిసొనకి నల్లబడ్డ చేతులు రెండూ జోడించింది. ఆయన ఆ చేతుల వైపు కాసేపు చూసి, "మీ అమ్మాయి బాగా రాత్తాదమ్మా" అన్నారు.

"తమరు నేర్పిందే కదా బాబూ" అంది అమ్మ, మొహం విప్పారిపోయి.

"అవునమ్మా. నాను నేర్పిందే" అన్నారు.

పగతో అన్నారో, మార్కులు వేసినట్టే అన్నారో తెలీదు. నర్సు పిలిస్తే లేచి లోపలికెళ్లారు. క్షమించమని నేను అడగలేదు. తర్వాత కూడా వెళ్లలేదు. ఆయన చెప్పిన పద్ధతితోనే ఉద్యోగం తెచ్చుకుని, ఆయన ప్రశ్నే రోజూ పిల్లల్ని అడుగుతూ, అది ఎవరిదో మాత్రం చెప్పకుండా బతుకుతున్నాను. ఆసుపత్రిలో సార్ మెచ్చుకున్న మాట అమ్మ మా వీధంతా చెప్పుకుంది. మొన్న కబురు విని కళ్లొత్తుకుని, "నిన్ను మెచ్చుకున్న బాబు కదే, ఎల్లి సూసి రా" అంది. వెళ్లలేదు.

ఆ సాయంత్రం బీరువాలోంచి ఫిర్యాదు తీశాను. ఎరుపు కొంచెం వెలిసింది. పెన్ను తీసుకుని మొదటి గీత మీద రాశాను: నాకు తెలీదు సార్, ఎవరో అంటే విన్నాను. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు. మూడు గీతలు మిగిలిపోయాయి.