గడ్డిపెళ్ళ వాసన చూసే మాస్టారు

నాకు గోల్ఫ్ నేర్పిన మాస్టారు పోయిన సోమవారం చనిపోయారు. అనకాపల్లిలో మా ఇంటికి ఫోన్ చేసి ఆ కబురు చెప్పింది ఆయన భార్య. "బాబూ, మీ మేస్టారు పొద్దున్న లెగిసి నీళ్ళు తాగి అరుగు మీద కూకున్నారు. కూకున్నోరు అలాగే పక్కకి ఒరిగిపోనారు" అంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. నేను అయ్యో అనలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏ నీళ్ళు తాగారమ్మా?" అని.

"కుండలోయి బాబూ" అంది ఆమె. ఎందుకు అడిగానో ఆమెకి అర్థం కాలేదు.

ఆయన ఒకప్పుడు పనిచేసిన కంపెనీ వాళ్ళు సంతాప సభ పెడతాం, నాలుగు మంచి మాటలు రాసివ్వండి అన్నారు. వాళ్ళకి రాయలేదు. ఈ పత్రిక చదివే మీకు రాస్తున్నాను.

నేను బెల్లం వర్తకుణ్ణి. నలభై ఏళ్ళు దిమ్మల మధ్య కూర్చుని, బేరం లేని వేళల్లో చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. దుకాణం వదిలేశాక ఒళ్ళు బిగుసుకుపోతోందని మా అబ్బాయి అచ్యుతాపురం తీసుకెళ్ళాడు. వాడు అక్కడ ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఫ్యాక్టరీ వెనక సముద్రం వైపు మిగిలిపోయిన భూమిలో ఆ కంపెనీ తన అధికారుల కోసం బంతి పడే గుంటలు ఆరు ఉన్న చిన్న గోల్ఫ్ మైదానం వేసింది. ఉద్యోగుల తల్లిదండ్రులకీ ప్రవేశం ఉండేది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో అక్కడ మొదటిసారి క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, పట్టుకున్నాను.

మాస్టారిది రాంబిల్లి వైపు చేపలు పట్టే కుటుంబం. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుందని విశాఖపట్నం పారిపోయి, గోల్ఫ్ ఆడే పెద్దమనుషుల సంచులు ఇరవై ఏళ్ళు మోశారు. మోస్తూ చూశారు, చూసి నేర్చుకున్నారు. ఆ తర్వాత ఈ మైదానంలో ఆట నేర్పే పనికి కుదిరారు. ఆయనకి పాఠం చెప్పిన వాళ్ళు లేరు. ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్న అధికారుల్లో ఒక్కడూ ఆయన్ని తనతో సమానంగా కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఆ మైదానానికి పెద్ద అయిన అధికారి అయితే ఈల వేసి పిలిచేవాడు. ఆ ఈల నా చెవిలో ఇంకా ఉంది. అతను ఇది చదివితే ఆ సంగతి తెలుసుకోవాలనే రాస్తున్నాను.

గోల్ఫ్ తెలియని వారికి ఒక్క మాట చెప్పాలి. గడ్డి మీద ఉన్న బంతిని ఇనుప క్లబ్బుతో కొట్టేటప్పుడు, క్లబ్బు ముందు బంతిని తాకాలి, ఆ తర్వాత నేలని కోయాలి. అప్పుడు బంతి ఉన్నచోటికి అవతల, అరచెయ్యంత గడ్డిపెళ్ళ లేస్తుంది. బంతికి ఇవతలే నేల తెగిందంటే దెబ్బ చెడినట్టే. అందరూ బంతి ఎంత దూరం పోయిందో చూస్తారు. మాస్టారు బంతి వంక చూసేవారు కాదు. వంగి గడ్డిపెళ్ళని తీసి, తిరగేసి, వేళ్ళు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ గుంటలో పెట్టి మడమతో మూడుసార్లు అదిమేవారు. "కొట్టినోరే పెట్టాల" అనేవారు. అధికారులు వెనక నవ్వుకునేవారు. "మన కోచ్ గడ్డి తింటాడ్రోయ్" అని ఒకడు నా ఎదురుగానే అన్నాడు.

నాకు ఆయన మొదటి రెండు నెలలు బంతి ఇవ్వలేదు. నేల మీద సున్నంతో గీత గీసేవారు.

"బంతి లేదు బాబూ. గీత ఉంది. గీతకి ఎడంపక్క నేలని కొట్టండి, సాలు."

నేను గీతకి కుడిపక్కనే తవ్వేసేవాణ్ణి. ఒకరోజు క్లబ్బు గట్టి నేలలో దిగబడి, మోచెయ్యి దాకా జివ్వుమంది. అప్పటినుంచి నేల దగ్గరికి వచ్చేసరికి నా చేతులు వాటంతటవే పైకి లేచిపోయేవి.

మాస్టారు నడుము మీద చేతులు పెట్టుకుని చూశారు. "ఏటి బాబూ, బెల్లం దిమ్మ మీద ఈగని తోల్తన్నారా?"

"నలభై ఏళ్ళు చేసిన పని అదేనయ్యా."

"అది ఇక్కడొద్దు. బంతిని మీరు లేపక్కర్లేదు. క్లబ్బు మొకమే ఏటవాలుగుంది, అదే లేపుతాది. మీరు కిందకి కొట్టండి."

"చేతికి దెబ్బ తగులుతుంది కదా."

"మీకు నేలంటే బయం బాబూ. బయపడి మజ్జిలో ఆపితేనే దెబ్బ. సాంతం ఎల్లనిత్తే తగల్దు."

ఆ మాట నేను ఎన్నో పుస్తకాల్లో ఎన్నో రకాలుగా చదివే ఉంటాను. మోచేతికి ఎక్కడం మాత్రం అదే మొదటిసారి. ఆరు నెలల తర్వాత ఒక ఉదయం బంతి టక్కుమంది, ఆ వెంటనే నేల మెత్తగా తెగిన చప్పుడయింది. చేతికి ఏమీ తగల్లేదు. గడ్డిపెళ్ళ గిరగిరా తిరుగుతూ ముందుకు పోయి పడింది. మాస్టారు చంటిపిల్లాడి అడుగు చూసినట్టు చప్పట్లు కొట్టారు. నా భార్య పోయాక నన్ను చూసి ఒక మనిషి అంత సంతోషపడటం అదే మొదటిసారి. ఆయనకి నేను పడ్డ రుణం అది.

రెండేళ్ళ కిందట వానల తర్వాత, పల్లంలో ఉన్న ఆరో గుంట దగ్గర నేను కొట్టిన దెబ్బకి మంచి పెళ్ళ లేచింది. మాస్టారు అలవాటుగా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పెట్టుకున్న మనిషి కదల్లేదు.

"ఏటి వాసన బాబూ ఇది?"

నేనూ వాసన చూశాను. మందుల డబ్బా మూత తీసినప్పటి ఘాటు, దానికింద పులిసిన కంపు. మిట్ట మీద గడ్డికి వేళ్ళు తెల్లగా ఉంటాయి. వీటికి గోధుమరంగు పట్టి, జిగురుగా, చేత్తో తాకితే ఊడి వచ్చాయి. ఒక్క వానపాము లేదు.

మాస్టారు నా చేతిలోంచి క్లబ్బు తీసుకున్నారు. పది అడుగులు నడిచి, బంతి లేకుండా ఒక దెబ్బ. పెళ్ళ తీసి వాసన చూశారు. ఇంకో పది అడుగులు. ఇంకో దెబ్బ. అలా ప్రహరీగోడ దాకా పదకొండు కొట్టారు. ప్రతి పెళ్ళా ముందుదానికంటే నల్లగా ఉంది.

"పార తెచ్చుకోవచ్చుగా?" అన్నాను.

"పార అట్టుకుంటే ఏటి తవ్వుతన్నావని అడుగుతారు బాబూ. క్లబ్బు అట్టుకుంటే ఎవులూ అడగరు."

ఫ్యాక్టరీ మురుగునీటి గొట్టం ఆ మైదానం కిందనుంచే పోతుంది. గోడకి అవతల పాతిక గజాల్లో ఒక చిన్న ఊరు. మాస్టారు అద్దెకుండేది ఆ ఊళ్ళోనే. ఊరికంతా ఒకటే నుయ్యి. మైదానంలో గడ్డి పని చేసే అప్పయ్యమ్మ వేళ్ళ సందుల్లో పుళ్ళు వర్షాకాలం పుళ్ళేనని మేమంతా అనుకునేవాళ్ళం. ఆ వేళ గోడ మీదినుంచి చూస్తే ఆవిడ కోడలు నీళ్ళు తోడుతోంది.

ఆయన నేరుగా వెళ్ళి ఆ ఈల వేసే అధికారికి చెప్పారు. రెండు రోజుల తర్వాత ఏసీ గదిలో విచారణ. అధికారి, మాస్టారు, సాక్షిగా నేను. మాస్టారు నిలబడే ఉన్నారు.

"షావుకారు గారూ, మీరు పెద్దలు. మీకేమైనా వాసన వచ్చిందా?" అని అడిగాడు అధికారి. నేను నోరు తెరిచేలోపే, "అన్నట్టు మీ అబ్బాయి మా స్టోర్స్‌లోనే కదూ? మంచి కుర్రాడు. వాణ్ణి పైకి తేవాలనుకుంటున్నాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"పెద్దవాణ్ణి. నా ముక్కు సరిగ్గా పనిచెయ్యదు" అన్నాను.

మాస్టారు నా ముఖం చూడలేదు. నా చేతుల వంక చూశారు. అది ఎరువు వాసనేనని అధికారి తేల్చేశాడు. అనుమతి లేకుండా పదకొండు చోట్ల గడ్డి చెక్కి మైదానం పాడుచేశాడని, రేపటినుంచి రావద్దని చెప్పాడు. ప్రతి పెళ్ళనీ తిరిగి గుంటలో పెట్టి అదిమిన మనిషి మీద వేసిన నేరం అది.

బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ ఆయన నాతో ఒక్క మాటే అన్నారు. "బాబూ, మళ్ళీ మజ్జిలో ఆపేసేరు."

ఆ తర్వాత ఆయన ఇంటింటికీ తిరిగి, ఆ నుయ్యి నీళ్ళు తాగొద్దని చెప్పారు. పాత మోపెడ్ మీద రోడ్డు దాటి వెళ్ళి క్యాన్లతో నీళ్ళు తెచ్చేవారు. మోయగలిగినన్ని రోజులు రెండు మూడు ఇళ్ళకి పోశారు. కొందరు విన్నారు. చాలామంది, షావుకారికి రాని వాసన నీకెక్కడిది మామా అని నవ్వారట. రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్ళాను. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. టీ ఇప్పించి, "సేతులు ముందుండాల బాబూ, క్లబ్బు ఎనకాల రావాల" అని, కర్ర పట్టుకుని చూపించారు. మోకాళ్ళ నొప్పి వల్ల ఆఖరి నెలల్లో మోపెడ్ తియ్యలేదని ఆయన భార్య ఇప్పుడు చెబుతోంది. అంటే కుండలో నీళ్ళు ఎక్కడివి? నేను ఆమెని అడగలేదు. గుండె అని డాక్టరు అన్నాడు, గుండే అయి ఉండాలి. నేను వైద్యుణ్ణి కాను. ఏది ఎందువల్లనో నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను నిద్రలోంచి లేపి కూర్చోబెడుతోంది.

నిన్న మైదానంలో పెట్టిన సభకి వెళ్ళాను. ఈల వేసిన అధికారే ఫొటోకి దండ వేశాడు. గడ్డిని ప్రాణంగా ప్రేమించిన మనిషి అన్నాడు. వేదిక మీద వరసగా సీలు వేసిన నీళ్ళ సీసాలు. మాట్లాడిన ప్రతివాడూ ఒకటి తెరిచి తాగాడు. మా అబ్బాయి నా పక్కన కూర్చుని చెవిలో, "నాన్నా, పత్రికకి ఏదో రాస్తున్నారట. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి, కాస్త చూసుకుని రాయండి" అన్నాడు. వాడిది తప్పని అనను. భయం వాడికి నానుంచే వచ్చింది.

జన్మంతా ధైర్యవంతుల గురించి చదివాను. చదివినందువల్ల నాకు ధైర్యం రాలేదు, పిరికితనాన్ని మంచి మాటల్లో చెప్పడం వచ్చింది. అందుకే ఇక్కడ మామూలు మాటల్లో చెబుతున్నాను. ఆ రోజు నాకు వాసన వచ్చింది. ఘాటుగా వచ్చింది. గదిలో అబద్ధం చెప్పాను. ఎవరు పిలిచినా వచ్చి ఇదే చెబుతాను.

సభ మధ్యలో లేచి, గోడకున్న చిన్న తలుపులోంచి ఊళ్ళోకి వెళ్ళాను. నుయ్యి దగ్గర అప్పయ్యమ్మ నీళ్ళు తోడుతోంది. వెనక ముగ్గురు ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు.

"ఏటి బాబూ, ఇటొచ్చేరు?"

"అప్పయ్యమ్మా, ఆ నీళ్ళు తాగకండి. మాస్టారు చెప్పింది నిజం. నాకూ వాసన వచ్చింది. అప్పుడు రాలేదని అబద్ధం చెప్పాను."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. వెనకనున్న వాళ్ళలో ఒకామె బిందె చంకలోంచి దించింది.

"రెండేళ్ళనుంచీ తాగుతన్నాం గదా బాబూ" అంది అప్పయ్యమ్మ. గొంతులో కోపం లేదు. "కుళాయి మూడ్రోజులకి ఓపాలి వత్తాది. ఇప్పుడేటి తాగమంటారు?"

గోడ అవతల మైకులో ఎవరో రెండు నిమిషాలు మౌనం పాటించమని చెప్పారు. ఆవిడ తాడుని పైకి లాగలేదు, కిందికి వదల్లేదు. సగం దాకా వచ్చిన చేద నూతి మధ్యలో మెల్లగా తిరుగుతూ ఉంది. దాని అంచునుంచి చుక్కలు ఒక్కొక్కటే లోపలి నీళ్ళలో పడుతున్నాయి. అయిదుగురం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం.