చెరకునే నమలాలి

విశాఖలో నేను పనిచేసిన కంపెనీలో గోడల నిండా ఆశయాలే. లిఫ్టు పక్కన ఒకటి, క్యాంటీన్‌లో ఒకటి, ఆఖరికి కాఫీ కప్పు మీద కూడా ఒకటి. వాటిని చదివి బాగుపడినవాళ్లను నేనైతే చూడలేదు. మా ఆయనకు చోడవరం బదిలీ అయ్యాక, చెరకు రసం మిషన్లు తయారుచేసే చిన్న షెడ్డులో ఆఫీసు పనికి కుదిరాను. అక్కడ గోడలు బోసిగా కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

గోడ మీద లేనిది ఓనరు నోట్లో ఉండేది. ఆయన్ని అందరం మేస్త్రీగారు అనేవాళ్లం. ఆయన మొట్టమొదట అమ్మిన మిషన్లో ఒక మనిషి వేళ్లు నలిగిపోయాయట. ఆనాటి నుంచి రోలర్ల ముందు చెయ్యి పోకుండా గొట్టంలాంటి ఇనుప గార్డు బిగించకుండా ఒక్క మిషనూ గేటు దాటలేదు. "మన మిషన్ సెరుకే నమలాల, సెయ్యి కాదు" అని రోజూ అనేవారు. విని విని నాకు కంఠతా వచ్చేసింది. పైగా తయారైన ప్రతి మిషన్లో మొదటి చెరకు గడ మాలో ఒకరు పెట్టి తీరాలి. వెల్డరైనా, రంగు వేసేవాడైనా, లెక్కలు చూసే నేనైనా సరే. నా వంతు వచ్చినరోజు గడను ఆ చివరి కొసన పట్టుకుని తోశాను.

ఒక వేసవి మొదట్లో షేర్ ఆటోలో రావికమతం వెళ్లాను. దిగిన చోటే మా మిషన్ ఉన్న రసం బండి కనిపిస్తే ముచ్చటపడి ఓ గ్లాసు అడిగాను. బండి నడిపే ఆవిడ గడ తోస్తుంటే గుండె ఝల్లుమంది. గార్డు లేదు. వేళ్లకూ రోలర్లకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. మర్నాడు వెళ్లీ వెళ్లగానే మేస్త్రీగారితో చెప్పాను.

ఆర్డర్లు నెత్తిమీద ఉన్నాయి. అయినా ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టేసి, వెల్డర్‌నీ నన్నూ ఆటో ఎక్కించారు. వెల్డర్ దారంతా సణుగుతూనే ఉన్నాడు.

"మనం బిగించే ఇచ్చేం. ఆవిడ పీకీసింది. తప్పు మనదేటి?"

ఆవిడ మమ్మల్ని చూడగానే గొంతు పెంచింది. "ఏటి బాబూ, దెబ్బలాటకొచ్చేరా? ఈ గార్డులో లావు గడ దూరదు. కణుపు కాడ ఇరుక్కుంటాది. లాగి మళ్లీ పెట్టేలోపల గిరాకీ బస్సెక్కి ఎల్లిపోతాది. సేతి ఏళ్లు పోతే పోనీ, బండి ఆగితే నా పిల్లలేటి తింటారు?"

ఇక మేస్త్రీగారు నీతులు మొదలుపెడతారనుకున్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి, పీకేసిన గార్డు మళ్లీ బిగించి, "నువ్వు కూకో తల్లీ" అని మధ్యాహ్నం దాకా తానే రసం తీశారు. గడ ఇరుక్కుంది. లాగారు. మళ్లీ ఇరుక్కుంది. బస్సు దిగినవాళ్లు విసుక్కుని పక్క బండికి పోయారు. చివరికి చెమట తుడుచుకుని, "తప్పు నీది కాదు, మాది. పీకీయాలనిపించే గార్డు గార్డేటి?" అన్నారు.

మా తెలివి అప్పుడు బయటపడింది. మొదటి గడ కదా అని, పూజకు తెచ్చినట్టు వంకర లేని నున్నటి గడలే ఏరి తెచ్చి పెట్టేవాళ్లం మేము. బండ్ల మీదికి అలాంటివి రావు మరి.

ఆ వారం కొత్త ఆర్డర్లన్నీ ఆగాయి. గార్డు మూతి వెడల్పు చేశారు, ఎంత లోపలికి తోసినా చెయ్యి రోలర్లకు అందనంత పొడుగు పెంచారు. ఆశ్చర్యం ఏమిటంటే, సణిగిన వెల్డరే వడ్డాది, మాడుగుల తిరిగి పాత బండ్లన్నిటికీ కొత్త గార్డులు బిగించాడు. ఆదివారం కూడా ఇంటిపట్టున ఉండలేదు. అన్నానికి రమ్మంటే "ఉండండి, ఇంకో బండుంది" అనేవాడు. అతని పక్కన పనిచేస్తున్నందుకు నాకెంత గర్వంగా ఉండేదో!

మొన్న మళ్లీ రావికమతం వెళ్లాను. బండి చుట్టూ జనం. ఆవిడ ఎడం చేత్తో చిల్లర ఇస్తూ, "ఒసే గుంటా, ఎండలో ఏటే ఆటలు, ఇలా రా!" అని కూతురి మీద కేకలేస్తూ, కుడి చేత్తో కొత్త గార్డులోకి లావుపాటి గడ తోస్తోంది. మిషన్ వైపు అసలు చూడడమే లేదు. నేను మాత్రం ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా సేతిలో ఏటుందని అలా సూస్తన్నావమ్మా?" అంటూ గ్లాసు నా ముందు పెట్టింది. "తాగు, ఐసు కరిగిపోతంది."