ఒకటింబావు రొట్టె

నా చిన్నప్పటి ఒక ఏడాదిలో మా ఇంట్లో పోయినవి లెక్క వేస్తే ఇలా తేలుతుంది. వాన పోయింది, దాంతోపాటు నాలుగెకరాల జొన్న పోయింది. జోడెద్దుల్లో ఒకటి రోగమొచ్చి చచ్చింది. ఒంటెద్దుతో దున్నలేక రెండోదాన్ని మా నాయన అమ్మేశాడు. అమ్మ చేతి కడియాలు పోయాయి. ఊరంతా జ్వరాలు కమ్ముకున్నప్పుడు మా జేజి, నాయన వాళ్లమ్మ, పోయింది. అదే జ్వరం మా తమ్ముణ్ణి వదిలిపెట్టింది గానీ, పోతూ పోతూ వాడి ఆకలిని ఎత్తుకెళ్లింది. జేజి తప్ప మిగిలినవన్నీ వాన పడితే తిరిగి వస్తాయని నాయన అనేవాడు. ఈ ఆఖరిది మాత్రం వానతో వచ్చేది కాదు.

వాడికి ఐదేళ్లు, నాకు పది. నేను బడి మొహం చూడలేదు. చెనిక్కాయలు వలుస్తూ, గింజలు కుప్పలు పోసుకుంటూ లెక్క నేర్చుకున్నాను. అందుకే అమ్మ కూలికి పోతూ నాకొక పని అప్పగించింది: తమ్ముడు ఎన్ని ముద్దలు తిన్నాడో చూసి చెప్పాలి. నేను వాడి ఎదురుగా కూర్చుని ముద్దకొక వేలు ముడిచేదాన్ని. మొదట్లో ఐదు, తర్వాత మూడు, తర్వాత రెండు. వాడు నోరు తెరిస్తే ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపి అటే చూసేవాళ్లం. మొలతాడు ఎన్నిసార్లు బిగించి కట్టినా జారి మోకాళ్ల దగ్గరికి వచ్చేది.

చివరికి అమ్మా నాయనా పక్కింటి మామ బండిలో మమ్మల్నిద్దరినీ కర్నూలు తీసుకెళ్లారు. డాక్టరు కళ్లు, నాలుక చూసి, జ్వరం ఎప్పుడో పోయిందన్నాడు. ఇక కూడే మందనీ, తినకపోతే పిల్లవాడు నిలవడనీ చెప్పాడు. బజారులో నడుస్తూ నడుస్తూ నాయన ఒక కాఫీ హోటలు ముందు ఆగిపోయాడు. పట్నం వచ్చినప్పుడల్లా బండి నీడలో కూర్చుని సద్దిమూట విప్పుకోవడమే మాకు అలవాటు. హోటలంటే కోర్టు పనుల మీద వచ్చేవాళ్లు తినే చోటని మా లెక్క. ఆ రోజు నాయన వాణ్ణి భుజానికెత్తుకుని లోపలికి నడిచాడు. పట్నం పిల్లలు తినేవి పెడితే మావాడూ తింటాడేమోనని ఆయన ఆశ.

వడ్డించే ఆయన్ని నాయన అడిగాడు. “ఏమప్పా, ఈడికొచ్చే పిల్లోళ్లు ఏం తింటారు?”

“ఏం తింటారప్పా! వాళ్లకు తెప్పించింది వదిలిపెట్టి పక్కోళ్ల ఆకులోది తింటారు,” అన్నాడాయన నవ్వుతూ.

అయినా నెయ్యి వేసిన దోశ, మెత్తని ఇడ్లీ, కేసరి తెచ్చి ఆకులో పెట్టాడు. డాక్టరుకు ఇవ్వగా మిగిలిన దుడ్లన్నీ ఆ ఆకులోకే పోయాయి. పక్క బల్ల మీద ఒక శెట్టిగారి కూతుళ్లిద్దరు దోశ చివర్లు కరకరా నములుతున్నారు. మావాడు తల పక్కకు తిప్పేశాడు. అమ్మ ముక్క తుంచి నోటి దగ్గర పెట్టి బతిమాలింది. “చక్కెర సల్లి పెట్టమ్మా, మా పాప అట్లయితేనే తింటాది,” అన్నాడు శెట్టిగారు. “ముక్కు మూసి పెట్టండి, నోరు అదే తెరుస్తాడు,” అన్నాడు వెనక నుంచి ఇంకొకాయన. కాఫీ తాగేవాళ్లు కూడా గ్లాసులు దించి చూస్తున్నారు. తమ్ముడు పెదాలు బిగించి బల్ల కిందికి జారిపోయాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి సిద్ధంగానే ఉంది. ఒక్క వేలూ ముడవలేదు. నాయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు కప్పుకున్నాడు.

వాడికి మొహం కడిగించమని అమ్మ మమ్మల్ని హోటలు పెరట్లోకి పంపింది. అక్కడ ఒక అవ్వ దోశల పిండి రుబ్బుతోంది. ఆమె పక్కన, విప్పిన గుడ్డలో ఒకటిన్నర జొన్నరొట్టె, దాని మీద చెనిక్కాయల కారం, సగం ఎర్రగడ్డ. ఆమె మధ్యాహ్నపు తిండి అది. తమ్ముడు అక్కడే నిలబడిపోయాడు. అవ్వ వాడి జారిన మొలతాడును చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఆ చెయ్యేందిమే, అట్ల పట్టుకోనుండావు?”

“ముద్దలు లెక్కపెట్టేకి, అవ్వా.”

“నేను నమిలేటప్పుడు నువ్వట్ల చూస్తే నాకే గొంతు దిగదు!” అని, వాడి వైపు తిరిగి గట్టిగా అంది. “ఒరే అబ్బోడా, ఆ రొట్టె నాది. ముట్టుకోవాకు. కాకి ఎత్తుకపోకుండా కాపలా ఉండు. నాకు శానా పనుండాది.”

నన్ను మాత్రం రోలు దగ్గరికి పిలిచి, వాడికి వీపు పెట్టి కూర్చోమంది. పిండి తోసే పని ఇచ్చింది. రోట్లో పొత్రం తిరుగుతూ ఉంది. మొదట్లో వెనక నుంచి చప్పుడే లేదు. కాసేపటికి ఎర్రగడ్డ కొరికిన చప్పుడు వినిపించింది. నేను తల తిప్పబోతే అవ్వ పిండి చేత్తో నా మోకాలు నొక్కిపెట్టింది. పావడా మీద ఐదు వేళ్లూ తెల్లగా పడ్డాయి. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన నాయన గుమ్మంలోనే ఆగి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, మెల్లగా వెనక్కి వెళ్లిపోయాడు.

“అవ్వా, నీళ్లు,” అన్నాడు తమ్ముడు. జ్వరం వచ్చాక వాడు నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది.

తిరిగి చూస్తే గుడ్డలో పావు రొట్టె మిగిలింది. వాడి మూతి చుట్టూ కారం, ముక్కు కారుతోంది.

“రొట్టె యాడికి పోయిందిరా?”

“కాకి తినేసింది.”

“ఎర్రమూతి కాకిని నేను యాడా సూడలేదు నాయనా!” అని అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎన్ని ముద్దలని అమ్మ అడిగితే, తెలియదని చెప్పాను. అమ్మ నన్ను కోప్పడలేదు. వాడి మూతి కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ముట్టని దోశను నాయన అవ్వకు ఇవ్వబోతే, “పొద్దంతా ఆ పిండిలోనే ఉండేదాన్ని, నాకెందుకు?” అందామె. “మీ చేన్లో కొత్త జొన్నలు పండినప్పుడు రొట్టె కాల్చుకోని రాండి,” అంది.

మరుసటి ఏడాది వాన పడింది. కొత్త జొన్నలతో అమ్మ రొట్టెలు కాల్చి మూటకట్టింది. వెళ్లి చూస్తే రోలు దగ్గర వేరే ఆమె ఉంది. అవ్వ కూతురి దగ్గరికి వెళ్లిపోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు.

తమ్ముడు ఇప్పుడు బస్తా జొన్నలు వీపున వేసుకుని మెట్లెక్కుతాడు. ఊళ్లో ఏ లెక్క తేలకపోయినా నా దగ్గరికే వస్తారు. కానీ పిల్లలు తినేటప్పుడు మాత్రం నేను లెక్క పెట్టను. హోటలుకు పోయినా అంతే. వాళ్ల ముందు ఆకు పెట్టించి, పెద్దవాళ్లను ఏదో ఒక మాటల్లో పెట్టి ఇటు తిప్పుకుంటాను. మా వెనక ఆకులు వాటంతట అవే ఖాళీ అవుతాయి.

ఆ ఏడాది పోయినవాటిలో తిరిగి వచ్చేవన్నీ వచ్చాయి. ఇవ్వాల్సింది మాత్రం మిగిలింది: ఒకటింబావు జొన్నరొట్టె, మీద చెనిక్కాయల కారం, సగం ఎర్రగడ్డ.