పోస్టమ్మ కాలు

ఉత్తరాలు పంచే ఆవిడను వీధివాళ్లంతా పోస్టమ్మ అనేవారు. కేక విని తలుపు తీసేలోపు నాలుగిళ్లు దాటిపోయే మనిషి. అలాంటిది ఆ ఏడాది మలుపు మలుపునా ఆగి కబుర్లు పెట్టసాగింది. వయసుతోపాటు నోరు కూడా పెరిగిందని జనం నవ్వుకున్నారు. అసలు సంగతి వేరు. కాస్త నడవగానే ఎడమ పిక్క పట్టేసేది, నిలబడితే సర్దుకునేది. ఊరికే నిలబడితే ఏమైందని అడుగుతారని, తనే వాళ్ల పిల్లల చదువుల గురించి అడిగేది.

మొగుడు దర్జీ. ఒక సెలవురోజు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా ఆవిడ పాదం తగిలి ఉలిక్కిపడ్డాడు.

"ఏమిటే, ఈ కాలు ఇంత చల్లగా ఉంది? రెండోది బాగానే ఉందిగా!"

"ఏదో ఉంటుందిలెండి."

"లే, ఆసుపత్రికి పద."

డాక్టరమ్మ పాదం మీద వేళ్లుంచి చాలాసేపు వెతికింది. నాడి దొరకలేదు. తొడలోని రక్తనాళం పూడుకుపోయిందని పరీక్షల్లో తేలింది. ఏళ్లనాటి చక్కెర జబ్బు చేసిన పని అది. చిటికెనవేలు అప్పటికే నల్లబడింది. పోస్టమ్మ దాన్ని చెప్పు ఒరుసుకున్న మచ్చ అనుకుంది.

ముందు గజ్జల దగ్గర సన్నని తీగ దూర్చి, బుడగతో నాళాన్ని తెరవాలని చూశారు. పూడిక రాయిలా గట్టిపడి తీగ దిగలేదు. మరునాడు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఆపరేషనే చేయాలమ్మా. పూడిన చోటు జోలికి పోం. మీ కాల్లోదే ఒక సిర తీసి, పూడికకు పైనా కిందా అతికి, రక్తానికి పక్కదారి వేస్తాం."

"తీసిన చోట లోటు పడదా?"

"అది పైపైన ఉండేదే. లేకపోయినా జరిగిపోతుంది."

"చేయించుకోకపోతే?"

"వేలితో ఆగదు. పాదం పోవచ్చు."

"అయితే కానివ్వండి."

నడుముకు మత్తిచ్చి, మధ్యలో తెర కట్టారు. మెలకువగానే ఉంది గానీ, కాళ్లు మాత్రం ఎవరివో అన్నట్టున్నాయి. డాక్టరమ్మ దారం అడగడం వినబడింది.

"ఎంత సన్నదండీ అది?" అంది పోస్టమ్మ.

"వెంట్రుకంత. కదలకండి."

చాలాసేపటికి, రక్తం ఆపడానికి నాళానికి బిగించిన పట్లు వదిలారు. కాసేపయ్యాక నర్సు వంగి చూసి, "పాదానికి రంగొస్తోంది మేడమ్" అంది.

సాయంత్రం డాక్టరమ్మ దర్జీ వేలు పట్టుకుని ఆవిడ పాదం మీద ఆనించింది. నాడి కొట్టుకుంటోంది. అతను తలూపాడు గానీ వేలు తీయలేదు.

"ఇక వదలండి, అందరూ చూస్తున్నారు" అని పోస్టమ్మ కసిరింది.

నల్లబడిన వేలు దక్కలేదు, తీసేశారు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. తరువాత ఆఫీసులో ఆవిడను కౌంటరులో కూర్చోబెట్టారు. స్టాంపులు అమ్మడం ఆవిడకు నచ్చలేదు. ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పింది, అయినా వేళ తప్పకుండా వెళ్లింది. రోజూ నడవాలని డాక్టరమ్మ ఆజ్ఞ. అందుకని సాయంత్రాలు మొగుణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరేది. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మనిషి, రెండు వీధులకే ఆయాసపడేవాడు.

"కాస్త ఆగవే!"

"మీరు ఆ అరుగు మీద కూర్చోండి, నేనలా చివరిదాకా వెళ్లొస్తా" అని ఆవిడ ముందుకు సాగేది.