సేనాపతిని చంపిన కాలరక్క

షర్టులు కుట్టే ఆ ఫ్యాక్టరీలో రెండో అంతస్తుకి రాజ్యాంగం అంటూ ఒకటుంటే, అది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా కాలరక్క నోట్లో ఉండేది. పదకొండేళ్ళుగా ఆవిడ పని షర్టులకి కాలర్లు తగిలించడం. ఒక్కో మెడ దగ్గర నలభై సెకన్లు. అంతకు మించి ఎవరి మెడతోనూ ఆవిడకి పని పడలేదు, ఆ సీరియల్ వచ్చేదాకా.

ఆ సీరియల్లో ముసలి రాజు మంచాన పడతాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదన్నట్టు, ముగ్గురు పిల్లలూ సింహాసనం కోసం ఒకరి కోటలొకరు తగలబెట్టుకుంటారు. యుద్ధానికి రెక్కల తోడేళ్ళ మీద ఎగురుతూ వెళ్తారు. చూడాలంటే నెలనెలా చందా కట్టాలి. ఆ అంతస్తులో ఎవరికీ చందా లేదు. కాలరక్కకీ లేదు, ఆవిడ ఆడపడుచుకి ఉంది. ఆదివారం సాయంత్రం కాలరక్క ఆ ఆడపడుచు ఇంటికెళ్ళి సోఫాలో కూర్చుని చూసేది, సోమవారం డబ్బాలు తెరిచే వేళకి చెప్పేది. చెప్పడమంటే అలా ఇలా కాదు. కత్తి దూస్తే చెంచా దూసేది. రాణి ఏడిస్తే తనూ ముక్కు చీదేది.

మూడో ఏడాది ఆడపడుచు ఇంట్లో కొత్త కర్టెన్లు వేలాడదీశారు. "ఏ ఆస్పత్రి నుంచి తెచ్చావు వదినా?" అని అడిగింది కాలరక్క. ఆ ఒక్క మాటతో ఆదివారాలు ముగిసిపోయాయి.

సోమవారం ఒంటిగంటకి ముప్పైమంది డబ్బాల మూతలు తీసి ఆవిడ వైపు చూశారు. "తర్వాతేమైందక్కా?"

నిజం చెప్పడానికే నోరు తెరిచింది పాపం. తెరిచాక మాత్రం, "ఏమవుతుంది, పెద్ద రాకుమారి కోటగోడ దూకింది" అని వచ్చింది. ముప్పైమందీ కూరలో చెయ్యి అలాగే ఉంచేసుకుని విన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అబద్ధం ఇంత తేలికని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పనందుకు కాలరక్కకి లోకం మీద కోపం కూడా వచ్చింది.

ఇంకో సంగతి నెల తిరక్కుండానే తెలిసింది. ఆ అంతస్తులోనే దారాలు కత్తిరించే వదిన కాలరక్క కొత్త చెప్పులు చూసి నవ్వింది. వదినకి చిన్న రాకుమారుడంటే ప్రాణం. సోమవారానికి చిన్న రాకుమారుడికి మశూచి పోసింది. రెండు వారాలు మూసిన కన్ను తెరవలేదు. వదిన వచ్చి, "ఆ చెప్పులు నీ కాళ్ళకి భలే నప్పాయే" అన్నాకే పొక్కులు ఎండాయి. ఆ తర్వాత ఫ్యాన్ కింద బెంచీ కాలరక్కదైంది. దాని మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆడింది ఆట, పాడింది పాట.

భోజనాల దగ్గరుండే ఒకే ఒక్క మగమనిషి ఇస్త్రీ బాబాయి. నోట్లో నాలుక లేనివాడు. ఆయనకి ఒంటిచేతి సేనాపతి ఇష్టం. ముసలి రాజుకి ముప్పైఏళ్ళు సేవచేసి, ఏమీ అడగని మనిషి. ఒకరోజు ఇస్త్రీ పెట్టె ఎక్కువ కాలి పన్నెండు కాలర్లు మాడాయి. సూపర్‌వైజర్ వచ్చి, కాలర్లు ఆవిడ పనే కదా అని కాలరక్కని పట్టుకుని దులిపేశాడు. నేను కాల్చానని బాబాయి ఒక్క మాట అనలేదు.

సోమవారం సేనాపతి చచ్చిపోయాడు. నది దాటుతుంటే సొంత సైనికులే వెన్నులో పొడిచారు. చెప్పడానికి అరగంటా పట్టింది. బాబాయి డబ్బాకి మూతపెట్టి, సగం తిన్న అన్నంతో లేచి వెళ్ళిపోయాడు. కాలరక్కకి ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

ఇలా ఏడాది గడిచింది. గుండీల కాజాలు కుట్టే మిషన్ మీదికి కొత్తపిల్ల వచ్చింది. మూడోరోజు కథ వింటూ వింటూ, "అదేంటక్కా, సేనాపతి చచ్చిపోయాడంటారు? మొన్న ఆదివారం కూడా చూశానే! దుక్కలా ఉన్నాడు" అంది.

"నువ్వు చూసేది వేరేదై ఉంటుందిలే."

"కాదక్కా, అదే. మా గదిలో అమ్మాయికి చందా ఉంది. పెద్ద రాకుమారి గోడ కూడా దూకలేదు."

దారాల వదిన చెయ్యి కడుక్కోకుండానే లేచింది. "మరి మా చిన్నోడి మశూచి?"

"ఏ మశూచీ రాలేదు పిన్నీ."

"రాలేదా! రెండు వారాలు నాకు ముద్ద దిగలేదే! మా ఆయన డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళాడే!" వదిన కాలరక్క మీదికి తిరిగింది. "ఏమే, నా కొడుకు లాంటివాడికి మశూచి పోస్తావా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చుంది కాలరక్క.

మర్నాడు ఫ్యాన్ కింద బెంచీ మీద కాజాల పిల్లని కూర్చోబెట్టారు. కాలరక్క చేతులు కడిగే తొట్టి పక్కన గోడకి ఆనుకుంది. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇక్కడ పావుగంట ఏమీ జరగదు, అడవిలో నడుస్తారంతే" అని కూడా చెప్పింది. ఇద్దరు ఆవలించారు. నిజంలో ఇంత ఉప్పు తక్కువని ఎవరూ అనుకోలేదు. అయినా పంతానికి విన్నారు.

ముందు వరసలో కూర్చున్న బాబాయి నాలుగేళ్ళలో మొదటిసారి నోరు విప్పాడు. "సేనాపతి సంగతి చెప్పమ్మా."

"ఆయనా? శత్రువులకి కోట తలుపులు తీసింది ఆయనే కదా బాబాయ్. ముసలి రాజుని అప్పగించి ఒక కోట పుచ్చుకున్నాడు. ఇప్పుడు మూడో పెళ్ళి కూడా చేసుకున్నాడు."

బాబాయి డబ్బాకి మూతపెట్టాడు. లేచి తొట్టి దగ్గరికి నడిచాడు. తిడతాడనుకుని కాలరక్క డబ్బాని అడ్డం పెట్టుకుంది.

"నువ్వు చంపిందే నయం" అన్నాడు. "ఇంకోసారి చెప్పు. నది దగ్గర్నుంచి."

అందరూ ఇటు తిరిగారు. ఇది బాగా చెబితే పోయిన బెంచీ వెనక్కొస్తుందని కాలరక్కకి తెలుసు. గొంతు సవరించుకుంది.

"సేనాపతి తెల్లగుర్రం మీద..."

"నల్లది."

"ఆ, నల్లది. నలుగురు సైనికులు..."

"ఏడుగురమ్మా. నలుగురికి లొంగుతాడా ఆయన?"

కోపంలో అల్లిన చావు. ఆవిడకి గుర్రమూ గుర్తులేదు, మనుషులూ గుర్తులేరు. బాబాయే అందుకున్నాడు. నది చలి చెప్పాడు. గుర్రం వెనక్కి తగ్గడం చెప్పాడు. కవచం లోపల భార్య రాసిన ఉత్తరం తడిసిపోవడం చెప్పాడు. ఆ ఉత్తరం ఆవిడ చెప్పిన కథలో ఎప్పుడూ లేదు. ఆ మాట కాలరక్క ఒక్కదానికే తెలుసు. కాజాల పిల్ల కూడా బెంచీ దిగి వచ్చి నిలబడి వింది.

ఆయన ముగించాక కాలరక్క మెల్లగా, "మాడిన కాలర్ల కోసం చంపాను బాబాయ్" అంది.

"అప్పుడే తెలుసు. నీ కుట్టు వంకరపోతోందని సూపర్‌వైజర్‌తో సేనాపతి చచ్చిన వారమే చెప్పాను. ఆ ఏడు నీకు జీతం పెరక్కపోవడం అందుకే."

దారాల వదిన ఫ్యాన్ కింద బెంచీ మీద పరుచుకున్న డబ్బాలన్నీ తీసేసి తువ్వాలుతో తుడిచింది.

"రా బాబాయ్, ఇలా కూర్చో" అంది. "తర్వాతేమైందో చెప్పు."