కంచె లోపలి సమాధి
1952 కరువులో ఉదయగిరి నుంచి పట్నానికి కూలికి వెళ్లినవాళ్లలో కొండలయ్య, అతని భార్య లిదియమ్మ ఉన్నారు. అక్కడ విమానాలు దిగే రన్‌వేను పొడిగిస్తున్నారు. అతను రాళ్లు కొట్టేవాడు, ఆమె కంకర గంపలు మోసేది. మొదటిసారి విమానం దిగుతుంటే ఇద్దరూ పని ఆపి, దుమ్ము మొహాలతో నిలబడి చూశారు.

వానాకాలంలో కొండలయ్య విషజ్వరంతో చనిపోయాడు. తోటి కూలీలు అతన్ని కంచె అవతలి బీడులో పూడ్చారు. లిదియమ్మ రెండు కర్రలతో శిలువ కట్టి అక్కడ పాతింది. తర్వాత ఆత్మకూరు వచ్చి ఒకరింట్లో పనికి కుదిరింది.

కొన్నేళ్లకు సమాధి కట్టించాలని మళ్లీ పట్నం వెళ్లింది. విమానాశ్రయం పెరిగింది. కంచె దూరం జరిగింది. బీడు ఉన్నచోట నల్లటి రన్‌వే పరుచుకుని ఉంది.

చుట్టూ అంతా అరవమే మాట్లాడుతున్నా, కాపలావాడు తెలుగువాడే. "మా ఆయన లోపల ఉండాడయ్యా, ఒక్కసారి పోయొస్తాను," అని అడిగింది.

"ఏం పని చేస్తాడమ్మా?"

"పని చెయ్యడంలేదు నాయనా. ఆ రోడ్డు కింద పూడ్చినాము."

అతను వెనక్కి తిరిగి రన్‌వే వైపు చూశాడు. "లోపలికి పోనీరమ్మా. ఈడనే ప్రార్థన చేసుకో."

ఆమె కంచె పట్టుకుని కళ్లు మూసుకుంది. ప్రార్థన ముగియకముందే ఒక విమానం ఆ చోటు మీదుగా దూసుకుపోయింది.

ఆత్మకూరులో అడిగినవాళ్లకు మాత్రం, "చూసొచ్చినాను, శుభ్రంగా ఉండాది," అని చెప్పింది.