చంక కింది పీలిక

పొద్దుటి నుంచి సునీవ తొట్టి దగ్గరే కాచుకుని ఉంది. తొట్టిలో నానుతున్నది రెండు చలికాలాలు మగ్గం ముందు నిలబడి తాను నేసిన ఉన్నిబట్ట. పాత చర్చి దొడ్డిలో సమాధి తవ్వితే వందల ఏళ్ల కిందటి ఆడమనిషి గౌను ముక్కలు దొరికాయి. అచ్చం అలాంటిదే కుట్టి ఇస్తానని ఊరి మ్యూజియానికి ఆమె మాటిచ్చింది. ముక్కలు చూసి కత్తిరింపంతా కాగితం మీద గీసుకుంది. రెండు చంకల కిందా నిలువుగా కలిపిన సన్నటి పీలికలను మాత్రం, "చిరిగితే ఎవరో అతుకేసుకున్నారులే" అని వదిలేసింది.

ఇక మిగిలింది తొక్కుడు. వేడినీళ్లలో పాత ఉచ్చ కలిపి, ఆడవాళ్లంతా తొట్టి చుట్టూ కూర్చుని కాళ్లతో తన్నితే బట్ట దట్టమవుతుంది. తక్కువైతే గాలి దూరుతుంది. ఎక్కువైతే బట్ట కుంచించుకుపోతుంది. మళ్లీ నేద్దామంటే ఉన్ని లేదు, గొర్రెలు బొచ్చు రాల్చేది వచ్చే వేసవికే.

ఆడబిడ్డ బోర్గిల్డ్ ఉచ్చకుండ ఒంపింది. "చలికాలమంతా పట్టి దాచా వదినా. పెళ్లయ్యాక మా ఆయన నాకు పనికొచ్చింది ఈ ఒక్కదానికే!"

ఓ రాకుమారి పెళ్లి పాట ఎత్తుకున్నారు. మధ్యలో ఆపితే ఆ బట్ట తొడుక్కున్నదాని కాపురం నిలవదని ఆ ఊరి పట్టింపు. కొన్ని చరణాలకే సునీవ చెయ్యిపెట్టి తడిమింది. కావలసినంత దట్టమైంది.

"చాలు, ఆపండే!"

"ఊరుకో వదినా, రాకుమారి ఇంకా పడవే ఎక్కలేదు!" అంది బోర్గిల్డ్.

లాక్కుందామని చెయ్యి చాచింది. కానీ మ్యూజియంలో ఆ గౌను తొడుక్కుని జనానికి చూపబోయేది మొన్ననే పెళ్లయిన తన మనవరాలు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

పాటలో రాకుమారి పడవెక్కి, ఏడ్చి, పెళ్లాడేసరికి బట్ట వెడల్పు నాలుగు వేళ్లు తగ్గింది. కాగితం పరిస్తే ఛాతీ దగ్గర అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు చాలలేదు. బోర్గిల్డ్ తల దించుకుంది.

రెండు వేళ్లు. సునీవ తడికాళ్లతోనే మ్యూజియానికి ఉరికి, అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పీలిక వెడల్పు రెండు వేళ్లే. అదే బట్ట, అదే దారం. తర్వాత వేసిన అతుకు కానే కాదు.

వెనకాలే రొప్పుతూ వచ్చిన ఆడబిడ్డతో అంది: "ఈ గౌనావిడ బట్టకీ తొక్కుడు ఎక్కువైందే, అందుకే పీలికలు."

"అయితే అప్పుడూ నాలాంటి ఆడబిడ్డ ఉందన్నమాట."

"లేకేం? ఏ కొంపలో లేదు!"

ఇంటికొచ్చి కత్తెర పట్టింది. పీలికలకు మిగిలింది బట్ట చివర ముక్క ఒక్కటే. అది చాలకపోతే అంతే సంగతులు. కొలిచి రెండు పీలికలు కోసింది. చాలింది, కుట్టు మడతకు గోరంత మిగిలింది.